సైదమ్మ గురి ఎందుకు కుడికి పోయింది

2022 ఫిబ్రవరి. అప్పుడు నేను సూర్యాపేటలో పోలీసు ఆర్మరర్‌ని. ఆర్మరర్ అంటే తుపాకులు పేల్చేవాడని చాలామంది అనుకుంటారు. కాదు. వాటిని విప్పి, తుడిచి, నూనె రాసి, అరిగిన స్ప్రింగు మార్చి, మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. ఫైరింగ్ ప్రాక్టీసు ఉన్న రోజున రౌండ్లు లెక్కపెట్టి ఇచ్చి, పేలినవాటి ఇత్తడి తొడుగులు లెక్కపెట్టి వెనక్కి తీసుకునేవాడు కూడా. ఆ ఖాళీ తొడుగుల్ని మేం ఎంప్టీలు అంటాం. మా నాయన మిర్యాలగూడలో రైస్ మిల్లు ఫిట్టర్. మిల్లు చప్పుడులో అరిచి అరిచి ఆయన గొంతు, ఫైరింగ్ రేంజిలో అరిచి అరిచి నా గొంతు ఒకే తీరుగా తయారయ్యాయి. మామూలుగా మంచినీళ్ళు అడిగినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుందని మా ఇంట్లో అంటారు.

నా ఉద్యోగం తెలిసిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటే. రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా? ఉమ్మడి జిల్లా రోజుల్లో లైసెన్సు ఉన్న మిల్లు యజమానులు కొందరు ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేయడానికి వచ్చి, పనిలో పనిగా అదే అడిగేవారు. బంగారం దుకాణంలో గొలుసు ఎంచినట్టు అడిగేవారు. వాళ్ళకు నేను ఓపిగ్గా చెప్పిన రోజులు తక్కువ గానీ, మీకు చెబుతాను. రివాల్వర్‌లో ఆరు గదులున్న సిలిండర్ తిరుగుతుంది. ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, వేలితో బాగా లాగాలి. పేలిన ఎంప్టీలు దాని గదుల్లోనే ఉండిపోతాయి, మనం తెరిచి కిందికి దులుపుకోవాలి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో రౌండ్లు పిడిలోని మ్యాగజైన్‌లో ఉంటాయి. పేలిన ప్రతిసారీ పైనున్న స్లయిడ్ వెనక్కి జరిగి, ఎంప్టీని కుడిపక్కకు విసిరేసి, కొత్త రౌండును లోపలికి తోసుకుంటుంది. ట్రిగ్గర్ తేలిక. కానీ మణికట్టు వదులుగా పట్టుకుంటే అలిగి ఇరుక్కుంటుంది. ఇక మంచిదేదంటారా? పట్టుకున్న చెయ్యి దేనికి అలవాటు పడితే అది మంచిది.

రెండింటికీ రీకాయిల్ ఉంటుంది. బోరు మోటారు వేయగానే నీళ్ళు ముందుకు తన్నుకొస్తే చేతిలోని పైపు వెనక్కి గుంజుతుంది కదా, రీకాయిల్ అదే. దెబ్బ పెద్దదేం కాదు. అసలు చిక్కు ఆ దెబ్బ రాబోతోందని చేతికి ముందే తెలిసిపోవడంలో ఉంది. ట్రిగ్గర్ నొక్కుతుండగానే కళ్ళు మూసుకుంటాయి, మణికట్టు కిందికి ఒత్తుతుంది, గుండు నేలలోకి పోతుంది. దీన్నే ఫ్లించింగ్ అంటాం. ఆరడుగుల కానిస్టేబుళ్ళు, మీసాలు మెలేసినవాళ్ళు కూడా ఫ్లించ్ అవుతారు. ఒప్పుకునేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

సైదమ్మ ఒప్పుకుంది. నా దగ్గరికి ఆమె కేసు అలాగే వచ్చింది.

ఆమెది తుంగతుర్తి దగ్గర పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. సాయుధ విభాగంలో కానిస్టేబుల్. సూర్యాపేటలో గార్డు డ్యూటీలు చేస్తూ అద్దె గదిలో ఉండేది. భర్త కోదాడ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. మూడేళ్ళ కూతురు కోదాడలో అత్త దగ్గర పెరుగుతోంది. ఆ నెలలో కోదాడలో ఉండే ఒక మహిళా న్యాయమూర్తికి గన్‌మన్ డ్యూటీ పడింది. మా శాఖలో ఆడవాళ్ళు చేసినా దాన్ని గన్‌మన్ డ్యూటీ అనే అంటారు. సీనియారిటీ ప్రకారం సైదమ్మ పేరే ముందుంది. ఆ డ్యూటీ వస్తే రోజూ రాత్రి పిల్ల పక్కన పడుకోవచ్చు. అయితే ముందు పిస్టల్ పరీక్ష పాసవ్వాలి. పదిహేను గజాల దూరం, పది రౌండ్లు, వాటిలో కనీసం ఆరు టార్గెట్ మధ్య వలయంలో పడాలి. రెండుసార్లు పేల్చి రెండుసార్లూ తప్పింది. మొదటిసారి మూడు పడ్డాయి, రెండోసారి రెండు. మూడోసారీ తప్పితే డ్యూటీ తర్వాతి పేరుకు పోతుంది.

మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ కోదాడ మనిషి. వయసులో నాకంటే చిన్నవాడు, మాటలో మెత్తనివాడు. ఆమెను వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు వచ్చారు.

"యాదగిరి గారూ, ఈ అమ్మాయికి ఏదో ఒకటి చెయ్యండి. పిస్టల్ అంటేనే బెదిరిపోతోంది. పదిరోజుల టైమిస్తున్నాను."

"ఏందమ్మా, భయమా?" అన్నాను.

"భయమే అయ్యుంటది సార్. పేల్తున్నప్పుడు చెయ్యి నా మాట వింటలేదు," అంది తలవంచుకుని.

భయమని ఆమే చెప్పింది కాబట్టి నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఆడపిల్ల, సన్నటి మణికట్లు, రీకాయిల్‌కు జంకుతోంది, అంతే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆలోచించే పని తగ్గిపోతుంది, అదొక రోగం. మర్నాడు రేంజికి తీసుకెళ్ళి పాత రివాల్వర్ ఒకటి చేతిలో పెట్టాను. ఆరు రౌండ్లు పేల్చింది. ఐదు వలయంలో పడ్డాయి!

"సూశినవా? నీకు పిస్టల్ పడదు. రివాల్వర్ బిడ్డవు నువ్వు," అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఏదో సాధించేశానని పొంగిపోయాను.

ఇన్‌స్పెక్టర్ గారు గాలి తీసేశారు. "రివాల్వర్లన్నీ వెనక్కి పంపించెయ్యమని ఆర్డరొచ్చింది కదండీ. గన్‌మన్లకి ఇప్పుడు పిస్టలే. నేనేం చెయ్యను?"

ఆ మధ్యాహ్నం వర్క్‌బెంచి మీద ఆమె కాల్చిన రివాల్వర్‌నే తుడుస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఈ రివాల్వర్ ట్రిగ్గర్ పిస్టల్ ట్రిగ్గర్ కంటే రెండింతలు గట్టి. అంత సేపు లాగాలి, అంత సేపూ పేలుడు కోసం ఎదురుచూడాలి. రీకాయిల్‌కు భయపడే మనిషి దీనితో ఇంకా ఎక్కువ ఉలిక్కిపడాలి. దెబ్బను కాస్త మింగడానికి దీనికి స్లయిడ్ కూడా లేదు. చప్పుడులోనూ తక్కువ తినలేదు. మరి దీనితో ఐదు ఎలా పడ్డాయి?

లేచి వెళ్ళి ఆమె తప్పిన పరీక్షల టార్గెట్ కాగితాలు వెతికించి బల్ల మీద పరిచాను. నిజం చెప్పాలంటే, ఆ పని మొదటి రోజే చేయవలసింది. కుడిచేతివాటం మనిషి ఫ్లించ్ అయితే గుండ్లు కిందికి, ఎడమకు పోతాయి. వేల కాగితాలు చూసినవాణ్ణి, కళ్ళు మూసుకుని చెప్పగలను. సైదమ్మ కుడిచేతివాటమే. ఆమె గుండ్లు మాత్రం ఒకటి తర్వాత ఒకటి కుడికి పోయాయి. కొన్ని కాగితం అంచు దాటి పోయాయి. ఇది నాకు తెలిసిన భయం కాదు.

మరుసటి రోజు పొద్దున రేంజిలో మేమిద్దరమే. రేంజి అంటే పెద్దగా ఏమీ ఉండదు. గుట్ట వారగా ఎత్తయిన మట్టికట్ట, దాని ముందు టార్గెట్లు, ఇటు కంకరా గడ్డీ కలిసిన నేల, ఎర్రజెండా. నేను ఆమెకు వీపు తిప్పి మ్యాగజైన్ నింపాను. ఐదు అసలు రౌండ్లు, మధ్యమధ్యలో రెండు డమ్మీ రౌండ్లు. డమ్మీ అంటే లోపల మందు లేని తూటా. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, పేలదు. ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాడికి తెలియదు. చెయ్యి చేసే దొంగపని బయటపెట్టడానికి దీన్ని మించిన ఉపాయం లేదు.

మొదటి రౌండు పేలింది, కుడికి పోయింది. రెండోది డమ్మీ. టక్కుమంది. నేను ఆమె చేతిని చూస్తున్నాను. మణికట్టు కిందికి ఒత్తలేదు. పిస్టల్ కొస కొంచెం కుడికి జరిగింది. తల ఎత్తి ముఖం చూశాను. ఆమె కళ్ళు టార్గెట్ మీద లేవు. కుడిపక్కన, నేల మీద ఉన్నాయి.

"ఏం సూస్తున్నవమ్మా?"

"ఎంప్టీ ఏడ పడ్డదో అని సార్."

"పేలనే లేదు గదా, ఎంప్టీ ఏడికెల్లి వస్తది?"

ఆమె పిస్టల్ దించి నేలకేసి చూసింది, నాకేసి చూసింది. ఆమె ముఖంలో నాకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది. తన కన్ను ఆ పని చేస్తోందని ఆమెకే తెలియదు. కన్ను ఎటు పోతే తల అటు, తల ఎటు పోతే భుజం అటు, చివరికి గుండూ అటే. రివాల్వర్‌లో ఎంప్టీ కింద పడదు కాబట్టి కన్నుకు పోవలసిన పని లేదు. అందుకే ఆరులో ఐదు!

పిస్టల్ ఖాళీ చేయించి, పక్కన పెట్టించి, నీడలో కూర్చోబెట్టి అడిగాను. మెల్లగా చెప్పింది.

"ట్రైనింగుల మా స్క్వాడు మొదటి ఫైరింగ్ నాడు నా ఎంప్టీ ఒకటి దొర్కలేదు సార్. ఆర్మరర్ సారు గట్టిగ అరిసిండు. ఎవరిది పోయిందో వాళ్ళే తేవాలె, దొరికేదాంక ఒక్కరు లేవొద్దు అన్నడు. పగటీలి పన్నెండింటికి మొదలువెడితే నాలుగైంది. నలభై మంది ఆడపిల్లలం మోకాళ్ళ మీద పాకినం. మా రూమ్మేటు ఎండకు పడిపోయింది. లాస్టుకు నా బూటు లేసులల్లనే దొర్కింది. వారం దినాలు నాతోని ఎవ్వరు మాట్లాడలే. మా నాయిన మందల ఒక్క గొర్రె తప్పినా అన్నం ముట్టడు సార్, నేను గట్ల పెరిగిన. ఆ దినం సంది ఇగ..."

ఇక్కడ మా రేంజి ఆచారం ఒకటి చెప్పాలి. ఇచ్చిన ప్రతి రౌండుకూ ఒక ఎంప్టీ తిరిగి రావాలి. ఒక్కటి తక్కువైతే, అసలు రౌండే బయటికి పోయిందేమోనని అనుమానం వస్తుంది. మెమోలు, విచారణలు. అందుకే ఎవరు పేలిస్తే వాళ్ళే ఏరుకోవాలని మాలో కట్టుబాటు. దాన్ని ఎవరూ పుస్తకంలో రాయలేదు, మా ఆర్మరర్లమే మా సుఖానికి పెట్టుకున్నాం. మేం ఆ సుఖంలో ఉండి, పేల్చేవాళ్ళ కళ్ళను నేలకు కట్టేశాం. అయినా ఎండలో నలభై మందిని నాలుగు గంటలు పాకించడం ఏం మర్యాద? నాకు ఒళ్ళు మండింది.

"ఎవడమ్మా ఆ ఆర్మరర్? మనిషా, పశువా?" అన్నాను.

"ఇడిసిపెట్టుండ్రి సార్. ఎప్పటి ముచ్చటనో."

"కాదు, చెప్పు. నాకు తెలియని ఆర్మరర్ ఈ చుట్టుపక్కల లేడు. పేరు చెప్పు, నేను అడుగుత."

ఆమె చీర కొంగు ఉంటే దాన్ని మెలిపెట్టేదేమో, యూనిఫాం కాబట్టి టోపీని అటూ ఇటూ తిప్పింది.

"మీరే సార్," అంది. "మా బ్యాచుకు పదిహేను రోజులు డ్యూటీ మీద వచ్చిండ్రు గదా. మీకు యాది లేనట్టుంది."

నాకు నిజంగా గుర్తులేదు. ఐదేళ్ళ కిందట ఆ డ్యూటీకి వెళ్ళింది గుర్తుంది, ఆ రోజు గుర్తులేదు. అలాంటి రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. ఎంప్టీ పోవడం, నేను అరవడం, వాళ్ళు పాకడం, అది దొరకడం, నేను ఇంటికెళ్ళి అన్నం తినడం. నాకది మామూలు రోజు. ఆ పిల్లకు ఐదేళ్ళు గడిచినా ఆ రోజు ఇంకా అయిపోలేదు. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళలో నా చేతిలో ఒక్క తుపాకీ కూడా చెడిపోలేదని బడాయి చెప్పుకునేవాణ్ణి. తుపాకీ చెడలేదు. దాన్ని పట్టుకున్న మనిషిని చెడగొట్టాను.

"తప్పయింది బిడ్డా," అన్నాను. యూనిఫాంలో ఉండగా నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

"అయ్యో, గంత మాటెందుకు సార్. పరీచ్చ ఎట్లనో గది సూడుండ్రి," అంది.

అసలు పని అదే కదా. ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, ప్రాక్టీసుకు ఇంకో నలభై రౌండ్లు అడిగాను. "ఎంప్టీ కోసం చూస్తోందా!" అని ఆయన నోరెళ్ళబెట్టి, సంతకం చేశారు. మా ఇంటి నుంచి పాత దోమతెర ఒకటి తెచ్చాను. మా ఆవిడ ఎందుకని అడిగితే పోలీసు రహస్యమన్నాను. రెండు కర్రలకు కట్టి సైదమ్మ కుడిపక్కన నిలబెట్టాను. పిస్టల్ విసిరే ప్రతి ఎంప్టీ దోమతెరకు తగిలి అడుగున సంచిలా వేలాడే మడతలో పడుతుంది. ఎక్కడికీ పోదు.

"ఇగ సూడాల్సిన పని లేదు. మొత్తం గీడనే ఉంటయి. నువ్వు ముందట సూడు."

మొదటి ఐదు రౌండ్లలో రెండు పడ్డాయి. అలవాటు అంత తొందరగా వదలదు. రెండో ఐదులో మూడు. మూడో రోజుకు దోమతెర ఉంటే నాలుగు ఖాయంగా పడుతున్నాయి. అయితే పరీక్ష రోజు పక్కన దోమతెర కట్టనివ్వరు. నాలుగో రోజు తీసేశాను. గుండ్లు మళ్ళీ కుడికి పోయాయి. సైదమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్ల రోజు ఫోన్ల అడుగుతున్నది సార్, ఎప్పుడొస్తవని. ఏం చెప్పాల్నో సమజైతలేదు," అంది.

అప్పుడు నేనే దోమతెర అయ్యాను. ఆమెకు కుడిపక్కన, కొంచెం వెనక, ఒక రేకు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. "నీ ఎంప్టీలు ఏరుడు ఇయ్యాల్టి సంది నా పని. ఒక్కటి పోయినా మెమో నాకే. నువ్వు కిందికి వంగితే ఊకోను," అన్నాను. ఆమె పేల్చిన ప్రతిసారీ "ఉన్నది" అని గట్టిగా చెప్పేవాణ్ణి. పేలుడు, వెంటనే "ఉన్నది". నిజానికి కొన్ని ఎక్కడ పడ్డాయో నేనూ చూడలేదు. అయినా అదే గొంతుతో ఉన్నదన్నాను. ఆ గొంతు ఐదేళ్ళ కిందట ఆమె కంటిని కిందికి దింపింది, ఇప్పుడు అదే దాన్ని పైన నిలబెట్టాలి. ఆరో రోజుకు "ఉన్నది" అనకపోయినా ఆమె తల కదలడం ఆగింది. ఏడో రోజు ఐదుకు నాలుగు పడ్డాయి. మిగిలినది వలయం అంచుకు పోయింది.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టర్ గారే స్వయంగా వచ్చారు. ఎవరూ మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. ఎంప్టీల బాధ్యత ఆర్మరర్‌ది కాబట్టి నేను డబ్బాతో నా చోట నిలబడవచ్చన్నారు. సైదమ్మ లైను మీదికి వచ్చి, మ్యాగజైన్ పెట్టి, స్లయిడ్ లాగింది. మొదటి రౌండు కుడికి పోయింది. రెండోదీ కుడికే పోయింది.

నేను నోరు తెరిస్తే పరీక్ష రద్దు. ఆమె పిస్టల్‌ను ముందుకే ఉంచి కొంచెం దించింది. ఊపిరి పీల్చుకుంది. నాకేసి తిరగలేదు, నేలకేసీ చూడలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఆ పక్క నుంచి చూస్తున్న నాకు ఆ మాట ఏదో తెలిసిపోయింది. తనకు తానే "ఉన్నది" అని చెప్పుకుంటోంది.

మూడోది పడింది. నాలుగు, ఐదు, ఆరు పడ్డాయి. ఏడోది అంచు మీదికి పోయింది. ఎనిమిది, తొమ్మిది, పది. ఇన్‌స్పెక్టర్ గారు టార్గెట్ దగ్గరికి నడిచి, వేలితో ఒక్కో రంధ్రం ముట్టుకుంటూ లెక్కపెట్టారు. వెనక్కి తిరిగి చూసినప్పుడే ఆయన ముఖం చెప్పేసింది.

"ఏడమ్మా! ఏడు పడ్డాయి. సోమవారం కోదాడలో రిపోర్ట్ చెయ్యి."

సైదమ్మ సెల్యూట్ చేసింది. చేసిన చెయ్యి దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

నేను ఎంప్టీలు ఏరి డబ్బాలో వేశాను. తొమ్మిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే. సైదమ్మ చూసింది, అప్పటికే వంగబోయింది.

"ఆగు," అన్నాను. "నువ్వు వంగొద్దని చెప్పిన్నా లేదా?"

"ఒక్కటే గద సార్, ఇద్దరం సూస్తే జల్దిన దొరుకుతది."

"కోదాడ బస్సు పోతది. పో, నీ బిడ్డకు నువ్వే పోయి చెప్పు. ఫోన్ల చెప్పకు."

ఇన్‌స్పెక్టర్ గారు నవ్వు ఆపుకుంటూ అడిగారు. "ఎవరు పేలిస్తే వాళ్ళే ఏరాలని మీ రూలే కదండీ యాదగిరి గారూ?"

"ఆ రూలు ఇయ్యాల్టితోని ఖతం సార్. ఇగ మీద పేల్చేటోళ్ళు పేలుస్తరు, ఏరెటోళ్ళం మేం ఏరుతం."

నేను రిటైరయ్యేదాకా మా రేంజిలో అలాగే నడిచింది. కాల్చేవాళ్ళ వెనక డబ్బాతో ఒకరు నిలబడటం, కాల్చినవాళ్ళు నేల చూడకపోవడం. గురి కుదరని మనిషి ఎవరు వచ్చినా, భయమా అని అడగడం మానేశాను. నువ్వు పేల్చినప్పుడు ఎటు చూస్తావని అడగడం మొదలుపెట్టాను. ఇంకొకటి కూడా అడిగేవాణ్ణి, నీ మీద ఎవరైనా అరిచారా అని. చాలామంది నవ్వి నన్నే చూసేవారు.

ఆ పరీక్ష రోజు అందరూ వెళ్ళిపోయాక మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పరకలు పక్కకు తీస్తూ వెతికాను. కంకర మోకాళ్ళలో గుచ్చుకుంది, ఎండకు వీపు కాలింది. నలభై మంది పిల్లలు నాలుగు గంటలు ఎలా పాకి ఉంటారో అప్పుడు తెలిసింది. గంటన్నర తర్వాత ఒక రాయి సందులో మెరిసింది. తీసి డబ్బాలో వేసి, చుట్టూ ఎవరూ లేకపోయినా "ఉన్నది" అని గట్టిగా అరిచాను.